ప్రయాణంలో ప్రాణరక్షణ – తవక్కుల్ అసలు అర్థం

సకల ప్రశంసలు, స్తోత్రాలు సర్వలోకాలను సృష్టించి పోషిస్తున్న అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త, కారుణ్యమూర్తి ముహమ్మద్ (స) పై, వారి కుటుంబీకులపై, సహచరులందరిపై శాంతి శుభాలు వర్షించుగాక!

ముందుగా నాకు నేను, ఆ తరువాత మీకు తఖ్వాను, అంటే అల్లాహ్ పట్ల భయభక్తులను ఉపదేశిస్తున్నాను.

ఈనాటి అంశం రోడ్డు ప్రమాదాలలో మనిషి వాహనం నుండి ఎగిరిపడి ప్రాణాలు కోల్పోవడం. ఇది పోలీసువారు, రవాణా శాఖవారు చెప్పవలసిన మాట కదా, మింబర్ మీద దీనికేమి పని అని కొందరికి అనిపించవచ్చు. నేనూ చాలా కాలం అలాగే భావించాను. నా అభిప్రాయం ఎందుకు మారిందో మొదట విన్నవించుకుంటాను.

కొన్నేళ్ళ క్రితం ఒక యువకుని మయ్యిత్‌కు గుస్ల్ ఇచ్చే బాధ్యత నాపై పడింది. శరీరమంతా చూస్తే చిన్నపాటి గీతలే. కాళ్ళు, చేతులు, ఛాతీ అన్నీ క్షేమం. గాయమంతా తలకే. మోటారు సైకిలు నుండి ఎగిరి రోడ్డు అంచున ఉన్న రాయిపై పడ్డాడు. అతని తండ్రి గోడకు ఆనుకుని ఒకే మాట పదే పదే అంటున్నాడు: "మౌలానా సాబ్, ఇల్లు రెండు కిలోమీటర్లే ఉండె." హెల్మెట్ ఇంట్లో మేకుకు వేలాడుతూనే ఉంది. ఖబ్రస్తాన్‌లో నేను సహనం గురించి, తఖ్దీర్ గురించి మాట్లాడాను. మట్టి ఇచ్చిన తరువాత అతని స్నేహితులు ఒక్కొక్క బండిపై ముగ్గురు చొప్పున ఎక్కి వెళ్ళిపోయారు. ఒక్కరి తలపైనా హెల్మెట్ లేదు, టోపీలు మాత్రమే ఉన్నాయి. నేను చూశాను. చూసి కూడా మౌనంగా ఉన్నాను. ఆ మౌనానికి రేపు అల్లాహ్ సన్నిధిలో జవాబు చెప్పుకోవలసి ఉంటుందన్న భయమే ఈనాడు నన్ను మాట్లాడిస్తున్నది.

వాహనం ఆగుతుంది, మనిషి ఆగడు

సోదరులారా! వాహనం గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు అందులోని మనిషి కూడా అదే వేగంతో పోతూ ఉంటాడు. వాహనం దేనికైనా ఢీకొంటే అది ఒక్కసారిగా ఆగుతుంది. కాని లోపలి మనిషిని ఆపేదేదీ లేకపోతే అతడు అదే వేగంతో ముందుకు దూసుకుపోతాడు. అద్దానికి తగులుతాడు, లేదా తెరుచుకున్న తలుపు నుండి రోడ్డుపై పడతాడు. గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో గోడకు తగలడమంటే పద్నాలుగు మీటర్ల ఎత్తు నుండి, అంటే సుమారు నాలుగంతస్తుల మేడపై నుండి కింద పడటంతో సమానం. నలభై కిలోమీటర్ల వేగమైతే రెండంతస్తుల ఎత్తు. రెండంతస్తుల మేడ అంచున పిల్లవాడు నిలబడితే మనం కేక వేస్తాము. అదే పిల్లవాణ్ణి పెట్రోలు ట్యాంకుపై కూర్చోబెట్టుకుని నవ్వుతూ పోతాము!

ముందు సీటులో తల్లి ఒడిలో కూర్చున్న పసిబిడ్డ సంగతి కూడా ఇంతే. తల్లి ప్రేమ ఎంత గొప్పదైనా ఆ క్షణంలో బిడ్డను పట్టి ఉంచగల బలం ఏ తల్లి చేతులకూ లేదు.

కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వారిలో 50,029 మంది హెల్మెట్ లేని ద్విచక్ర వాహనదారులు, వారి వెనుక కూర్చున్నవారు. 16,715 మంది సీటు బెల్టు పెట్టుకోనివారు. ఒక్కొక్క అంకె వెనుక ఒక ఇల్లు ఉంది, ఒక ఇద్దత్ ఉంది, అనాథలైన పిల్లలున్నారు.

పేరు ప్రతిష్ఠలు, పెద్ద వాహనాలు ఈ నియమం నుండి ఎవరినీ మినహాయించవు. మాజీ రాజ్యసభ సభ్యులు, నటులు నందమూరి హరికృష్ణ గారు 2018 ఆగస్టు 29న నల్గొండ సమీపంలో స్వయంగా కారు నడుపుతుండగా అది డివైడర్‌ను ఢీకొని బోల్తాపడింది. బెల్టు పెట్టుకోని ఆయన బయటికి ఎగిరిపడి మరణించారు. కారు దృఢమైనదే. కాని మనిషి అందులో నిలిచి ఉంటేనే కదా ఆ దృఢత్వం అతనికి అక్కరకు వచ్చేది!

ప్రవక్త (స) కాలంలో వాహనం నుండి పడినవారు

ఈ సమస్య మోటారు వాహనాలతో పుట్టినది కాదు. హదీసు గ్రంథాలలో వాహనం నుండి పడిపోయిన సంఘటనలు పలుచోట్ల కనిపిస్తాయి.

హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం ప్రకారం స్వయంగా దైవప్రవక్త (స) ఒకసారి గుర్రంపై నుండి పడ్డారు. వారి కుడి పార్శ్వం గీసుకుపోయింది. నిలబడలేక కూర్చునే నమాజు చేయించారు. ఆ ప్రవక్తకు సైతం ఈ లోక నియమాలు వర్తించినప్పుడు, నాకేమీ కాదులే అనుకునే మనమెంత?

హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) తెలిపిన మరో సంఘటన అరఫాత్ మైదానంలో జరిగింది. ఇహ్రామ్‌లో ఉన్న ఒక హాజీ తన ఒంటెపై నుండి పడ్డాడు. మెడ విరిగి మరణించాడు. అతనికి నీటితో, రేగు ఆకులతో గుస్ల్ ఇవ్వమని, అతని రెండు వస్త్రాలలోనే కఫన్ చేయమని, తల కప్పవద్దని, ప్రళయదినాన అతడు తల్బియా పలుకుతూ లేస్తాడని ప్రవక్త (స) సెలవిచ్చారు.

హజ్రత్ ఉమ్మె హరామ్ (రజి) సైప్రస్ దండయాత్రలో పాల్గొన్నారు. సముద్ర ప్రయాణం క్షేమంగా ముగించుకుని ఒడ్డుకు చేరిన తరువాత, తన కోసం తెచ్చిన వాహనం నుండి పడి మరణించారు. సముద్రాన్ని దాటిన మనిషి ఒడ్డున పడిపోయారు. ఇల్లు రెండు కిలోమీటర్లే అనుకునేవారు ఈ సంఘటనను గుర్తుంచుకోవాలి.

ఈ పుణ్యాత్ముల మరణాలు మనకు రెండు పాఠాలు నేర్పుతున్నాయి. మరణించిన వ్యక్తి పట్ల మనం సద్భావన కలిగి ఉండాలి, అల్లాహ్ కారుణ్యాన్ని ఆశించాలి. ఇది మొదటి పాఠం. వాహనం మనిషిని పడదోయగలదు, పడితే మెడ విరుగుతుంది, అది హాజీ మెడ అయినా సరే. ఇది రెండవ పాఠం. మనం మొదటి పాఠాన్ని ఖబ్రస్తాన్‌లో చెప్పుకుంటాము, రెండవ పాఠాన్ని అక్కడే పాతిపెట్టి వస్తాము.

తవక్కుల్ అంటే ఏమిటి?

మనలో చాలామంది నోట వినిపించే మాట ఒకటుంది: "మౌత్ రాసిపెట్టి ఉంటే బెల్టు ఆపుతుందా?" మరణ సమయం నిర్ణీతమన్నది మన విశ్వాసం. అందులో అణుమాత్రం సందేహం లేదు. కాని ఆ సమయమేదో మనకు తెలియజేయబడలేదు. మనకు తెలియజేయబడింది మన బాధ్యత మాత్రమే. మన చేతులతో మనల్ని మనం వినాశంలోకి నెట్టుకోరాదని దివ్యఖుర్ఆన్ అల్ బఖరా సూరా 195వ ఆయత్‌లో ఆదేశముంది.

ఒక వ్యక్తి ప్రవక్త (స) సన్నిధికి వచ్చి, తన ఒంటెను కట్టివేసి అల్లాహ్‌పై భారం వేయాలా, లేక విడిచిపెట్టి భారం వేయాలా అని అడిగాడు. ముందు కట్టమని, ఆ తరువాత నమ్మకం ఉంచమని వారు బోధించారు. ఇది తిర్మిజీ గ్రంథంలోని ప్రసిద్ధ హదీసు. తాడు కట్టడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు, తవక్కుల్‌కు అది తొలి మెట్టు. ఆనాటి తాడే ఈనాటి సీటు బెల్టు. ఆనాటి తాడే గడ్డం కింద బిగించే హెల్మెట్ పట్టీ.

అంతకన్నా సూటిగా వర్తించే మరొక హదీసు అబూ దావూద్ గ్రంథంలో ఉంది. పిట్టగోడ లేని మిద్దెపై నిద్రించేవాని విషయంలో రక్షణ బాధ్యత తొలగిపోతుందని ప్రవక్త (స) హెచ్చరించారు. ఆలోచించండి! పడిపోయే అవకాశమున్న చోట అడ్డు లేకుండా పడుకున్నవాడు తన రక్షణను తానే వదులుకున్నాడు. మరి ట్రాక్టరు ట్రాలీ అంచుపై కాళ్ళు వేలాడేసి కూర్చున్నవాడు, పెళ్ళి బరాత్‌లో డీసీఎం వెనుక తలుపుపై నిలబడి కేరింతలు కొట్టేవాడు, ఆటోలో డ్రైవరు పక్కన సగం శరీరం బయటపెట్టి కూర్చున్నవాడు ఏ మిద్దెపై ఉన్నట్టు? ఆ మిద్దె కదలదు, ఈ మిద్దె పరుగెడుతుంది!

అల్లాహ్‌పై నమ్మకంలో ప్రవక్త (స) ను మించినవారు ఎవరు? అయినా ఉహద్ యుద్ధంలో వారు ఒకదానిపై ఒకటిగా రెండు కవచాలు ధరించారు. మక్కా విజయం నాడు ఆ నగరంలో ప్రవేశించినప్పుడు వారి శిరస్సుపై ఇనుప శిరస్త్రాణం ఉందని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. ఓ యువకులారా! తలపై టోపీ ఉంది, వెళ్ళేది మస్జిదుకే, హెల్మెట్ ఎందుకని మీరు అంటారు. కాబా గృహం ఉన్న నగరానికే వెళ్తున్న ప్రవక్త (స) తమ శిరస్సును కాపాడుకున్నారు. టోపీని జేబులో పెట్టుకుని, హెల్మెట్ ధరించి మస్జిదుకు రండి. మీ నమాజుకు ఏ లోటూ రాదు.

హజ్రత్ ఉమర్ (రజి) సిరియా వైపు వెళ్తూ, అక్కడ మహమ్మారి వ్యాపించిందని తెలిసి వెనుదిరిగారు. విధి నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) ప్రశ్నించారు. తాము అల్లాహ్ నిర్ణయించిన ఒక విధి నుండి ఆయనే నిర్ణయించిన మరొక విధి వైపుకు మరలుతున్నామని ఉమర్ (రజి) సమాధానమిచ్చారు. తాకిడికి మనిషి ఎగిరిపడటం అల్లాహ్ ఏర్పరచిన నియమమే. పట్టీ అతణ్ణి పట్టి ఉంచడం కూడా ఆయన ఏర్పరచిన నియమమే. రెండవదాన్ని ఎంచుకునే శక్తిని ఆయన మనకు ప్రసాదించాడు.

ఎవరికి భయపడుతున్నాము?

మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో గల్ఫ్‌కు వెళ్ళిన బిడ్డ లేని వీధి అరుదు. ఆ సోదరులు దుబాయిలో, రియాద్‌లో, దోహాలో వాహనం ఎక్కగానే బెల్టు పెట్టుకుంటారు. అక్కడి జరిమానా అలాంటిది. అదే సోదరుడు సెలవుపై వస్తాడు. శంషాబాద్ విమానాశ్రయం నుండి రాత్రంతా ప్రయాణం. తీసుకురావడానికి ఇంటిల్లిపాదీ వెళ్తారు, ఒక్క కారులో తొమ్మిదిమంది. డ్రైవరుకు నిద్ర లేదు, ఎవరికీ బెల్టు లేదు, పిల్లలు ఒడుల్లో ఉంటారు. రెండేళ్ళ ఎదురుచూపు ఇంటి గడప తొక్కకముందే మార్గమధ్యంలో తెగిపోతే ఆ తల్లికి ఎవరు సమాధానం చెప్పగలరు?

అక్కడ దిర్హముకు, రియాలుకు భయపడి కట్టుకున్న పట్టీని ఇక్కడ అల్లాహ్‌కు భయపడి కట్టుకోలేమా? మన దేశ చట్టం ప్రకారం కూడా బెల్టు లేకపోయినా, హెల్మెట్ లేకపోయినా వెయ్యి రూపాయల జరిమానా ఉంది. అయితే మనం పోలీసును చూసి హెల్మెట్ పెట్టుకుని, చౌరస్తా దాటగానే తీసి చేతికి తగిలించుకుంటాము. పోలీసు చూడని చోట కూడా అల్లాహ్ చూస్తున్నాడన్న స్పృహకే తఖ్వా అని పేరు.

ఇతరుల ప్రాణాలు మన చేతిలో ఉన్నప్పుడు

2018 సెప్టెంబరు 11, మంగళవారం. మన జిల్లాలోనే కొండగట్టు ఘాట్ రోడ్డుపై దిగుతున్న ఆర్టీసీ బస్సు లోయలో పడిన రోజును ఈ ప్రాంతం మరువలేదు. ఆ బస్సులో వందకు పైగా ప్రయాణికులున్నారు. అరవై మందికి పైగా మరణించారు. వారిలో అధికులు స్త్రీలు, వృద్ధులు. కిక్కిరిసిన బస్సులో పట్టుకోవడానికి ఆధారం లేక ఒకరిపై ఒకరు పడి ఊపిరాడక కన్నుమూసినవారు ఎందరో. వారు మన ఇరుగుపొరుగు గ్రామాలవారు, మనతో సంతలో బేరమాడినవారు. పొరుగువారి దుఃఖం మన దుఃఖం. వాహనం బయటికి విసరకపోయినా, పరిమితికి మించి ఎక్కించినప్పుడు లోపలే మనిషిని మనిషిపైకి విసురుతుందని ఆ రోజు తెలియజెప్పింది.

ఆటో, ట్రాలీ, వ్యాను నడిపే సోదరులారా! మీ వృత్తి గౌరవప్రదమైనది, మీ సంపాదన హలాల్. కాని మీ బండి ఎక్కిన ప్రతి ప్రాణం మీ చేతిలో అమానత్. పొరపాటున ఒక విశ్వాసి ప్రాణం తీసినవానిపై సైతం రక్తపరిహారాన్ని, బానిస విమోచనాన్ని, అది సాధ్యం కానప్పుడు వరుసగా రెండు నెలల ఉపవాసాలను అన్నిసా సూరా 92వ ఆయత్ విధిస్తున్నది. పొరపాటుకే ఇంత బరువైన ప్రాయశ్చిత్తం ఉన్నప్పుడు, ప్రమాదమని తెలిసి తెలిసి ఎక్కించుకునేవాని సంగతి ఏమిటి? మరో పది రూపాయల కోసం పదకొండవ మనిషిని ఎక్కించుకునే ముందు ఈ ఆయత్‌ను తలచుకోండి.

వేగం విషయంలోనూ ప్రవక్త (స) ఆదర్శం స్పష్టంగా ఉంది. అన్‌జషా అనే ఒంటెల కాపరి రాగం తీసి పాడుతుంటే స్త్రీలు కూర్చున్న ఒంటెలు వేగం పుంజుకున్నాయి. వారిని గాజుపాత్రలతో పోల్చి, నెమ్మదిగా నడపమని ప్రవక్త (స) మందలించారు. అరఫాత్ నుండి మరలేటప్పుడు జనం ఒంటెలను తరుముతుంటే, పుణ్యం తొందరపాటులో లేదని, ప్రశాంతంగా సాగమని బోధించారు. షబే బరాత్ రాత్రి, రంజాన్ రాత్రులలో బండ్లపై విన్యాసాలు చేసే మన పిల్లలకు ఈ హదీసు వినిపించే బాధ్యత తండ్రులది.

రోడ్డును నిర్లక్ష్యంగా వాడుకోవడమూ ఒక అపరాధమే. 2014 ఏప్రిల్ 23 రాత్రి ఆళ్ళగడ్డ వద్ద రోడ్డుపై ఆరబోసిన ధాన్యపు కుప్పలను తప్పించబోయి శాసనసభ్యురాలు శోభా నాగిరెడ్డి గారి వాహనం బోల్తాపడింది. ఆమె బయటికి ఎగిరిపడ్డారు, మరునాడు కన్నుమూశారు. మన వైపు కూడా వానాకాలం, యాసంగి కోతలప్పుడు వరి, మక్కలు రోడ్లపైనే ఆరబోస్తారు. చుట్టూ రాళ్ళు పెడతారు, ధాన్యం ఎత్తిన తరువాత ఆ రాళ్ళు అక్కడే ఉండిపోతాయి. రైతు కష్టం మనకు తెలియనిది కాదు. కాని దారి నుండి బాధాకరమైన వస్తువును తొలగించడం ఈమాన్ శాఖలలో ఒకటని ప్రవక్త (స) తెలిపారు. తొలగించడమే ఈమాన్ అయితే, తెచ్చి పెట్టడం ఏమవుతుందో మీరే నిర్ణయించండి.

ఈ జుమా నుండి మన నిర్ణయాలు

సోదరులారా! విన్నది ఆచరణలోకి రాకపోతే ఖుత్బా ప్రయోజనం నెరవేరదు. కనుక కొన్ని విషయాలపై సంకల్పం చేసుకుందాము.

ఒకటి: బండి నడిపేవారూ, వెనుక కూర్చునేవారూ ఇద్దరూ హెల్మెట్ ధరించాలి, గడ్డం కింద పట్టీ తప్పక బిగించాలి. పట్టీ లేని హెల్మెట్ మనిషి కన్నా ముందే ఎగిరిపోతుంది.

రెండు: కారులో వెనుక సీటువారు సైతం బెల్టు పెట్టుకోవాలి. ఎయిర్ బ్యాగ్ ఉందన్న ధీమా చాలదు. బెల్టు పట్టి ఉంచిన మనిషికే అది సరిగా తోడ్పడుతుంది.

మూడు: బండి వెనుక కూర్చునే సోదరీమణులు బుర్ఖా అంచును, దుపట్టాను, చీర కొంగును చక్రానికి దూరంగా చుట్టి పెట్టుకోవాలి. బట్ట చక్రంలో చిక్కి క్షణంలో కింద పడిన తల్లులు ఎందరో ఉన్నారు. బండి నడిపే కొడుకు, భర్త, సోదరుడు బయలుదేరే ముందు ఒకసారి వెనుదిరిగి చూడాలి.

నాలుగు: పెళ్ళిళ్ళకు, ఉర్సులకు, ఇజ్తెమాలకు సామాను వాహనాలలో మనుషులను తరలించవద్దు. మన మస్జిదు తరఫున జరిగే ప్రయాణాలకు ఈ నియమం ఈనాటి నుండే వర్తిస్తుంది.

ఐదు: ప్రమాదంలో ఎగిరిపడిన వ్యక్తి కనిపిస్తే వెంటనే 108కి ఫోను చేయండి. మెడ, వెన్నెముక దెబ్బతిని ఉండవచ్చు కనుక కూర్చోబెట్టవద్దు, మెడ తిప్పవద్దు, లాగవద్దు, నీళ్ళు తాగించవద్దు. సాయం చేసినవారికి చట్టం రక్షణ కల్పించింది. పోలీసు కేసు అవుతుందని భయపడి తప్పుకోకండి. ఒక ప్రాణాన్ని కాపాడటం సమస్త మానవాళిని కాపాడటంతో సమానమన్న అల్ మాయిదా సూరా 32వ ఆయత్ భావాన్ని గుర్తుంచుకోండి.

వాహనం ఎక్కేటప్పుడు మనం చదివే దుఆ అజ్జుఖ్రుఫ్ సూరాలో ఉంది. వాహనాన్ని మనకు వశపరచిన ప్రభువును కొనియాడి, చివరికి ఆయన వైపుకే మరలిపోవలసి ఉందని అందులో ఒప్పుకుంటాము. దుఆ నాలుకతో చదవండి, చేతితో పట్టీ బిగించండి. ఈ రెండూ కలిస్తేనే తవక్కుల్ పూర్తవుతుంది.

ఆ రోజు మేకుకు వేలాడిన హెల్మెట్ నా కళ్ళ ముందు నుండి ఇంకా పోలేదు. ఈనాడు నమాజు ముగిసి మీరు బయటికి వెళ్ళేటప్పుడు నేను మస్జిదు గేటు వద్ద నిలబడతాను. ఎవరినీ అవమానించడానికి కాదు. ఈసారి మౌనంగా ఉండకూడదని మాత్రమే.

ఓ అల్లాహ్! రోడ్డు ప్రమాదాలలో మరణించిన మా విశ్వాస సోదరసోదరీమణులను మన్నించు, వారి ఖబ్రులను కాంతిమయం చెయ్యి. ఆప్తులను కోల్పోయిన ప్రతి కుటుంబానికీ, వారు ఏ మతానికి చెందినవారైనా సరే, ఓదార్పును ప్రసాదించు. గాయపడి మంచాన ఉన్నవారికి స్వస్థత చేకూర్చు. పరదేశాలలో ఉన్న మా బిడ్డలను క్షేమంగా ఇంటికి చేర్చు. నీవు అమానత్‌గా ఇచ్చిన ప్రాణాలను కాపాడుకునే వివేకాన్ని మాకు అనుగ్రహించు. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్!